తిప్పేస్వామి అమావాస్యలు

ఆ వీధిలో మగ్గం నెలకు ఒక్కరోజే ఆగుతుంది, అమావాస్యనాడు. ఆ రోజు నేతగాడు మగ్గం గుంటలో కాలు పెట్టడు. మిగతా రోజుల్లో జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా, పక్కింట్లో పెళ్లి జరుగుతున్నా పొద్దున ఆరింటికి మొదలైన చప్పుడు దీపాలు పెట్టే వేళదాకా సాగుతూనే ఉంటుంది. అలాంటి ఎమ్మిగనూరు వీధికి మూడేళ్లపాటు పంచాంగంలో లేని అమావాస్యలు వచ్చిపడ్డాయి. వాటికి కారణం తిప్పేస్వామి, ఆయన చదువు.

తిప్పేస్వామికి ముప్పై అయిదేళ్లు. శివయ్య కొడుకు, పద్మ మొగుడు, నేతలో చేయి తిరిగినవాడు. పద్దెనిమిదేళ్లప్పుడు ఆదోనిలో డిగ్రీ కాలేజీలో చేరి ఏడు నెలలు బస్సు పాసు మీద తిరిగాడు. ఎనిమిదో నెలలో శివయ్య మోకాళ్లు పట్టేసి, మగ్గం గుంటలోంచి ఇద్దరు పట్టుకుంటే గానీ పైకి రాలేకపోయాడు. ఆ మర్నాటి నుంచి ఆ గుంటలో కొడుకు కూర్చున్నాడు. నాయన కోలుకున్నాక మళ్లీ పోదామనుకున్నాడు. నాయన కోలుకోలేదు, ఈయన పోలేదు, మధ్యలో పెళ్లయింది, ఆడపిల్ల పుట్టింది. అందరి ఇళ్లలో జరిగేదే కాబట్టి దీన్ని ఎవరూ పెద్ద కష్టంగా చెప్పుకోలేదు. ఆయన మాత్రం లోపల చెప్పుకుంటూనే ఉన్నాడు.

వీధిలో అందరికీ మగ్గానికెక్కించే నూలు పడుగులిచ్చి చీరలు నేయించుకునేది గిడ్డయ్య అనే మాస్టర్ వీవరు. నెలకు రెండు పడుగులిచ్చేవాడు కాస్తా ఒకటికి దిగాడు, ఆ తరువాత అదీ ఆలస్యం చేయసాగాడు. పవర్‌లూమ్ చీర పక్కన మన చీర ఎవరు కొంటారని ఆయన బాధ ఆయనది. మగ్గాన్ని నమ్ముకుంటే పిల్ల పెద్దదయ్యేసరికి చేతిలో ఏమీ ఉండదని తిప్పేస్వామికి అర్థమైంది. అప్పుడే ఫోన్‌లో చూశాడు, ఒక యూనివర్సిటీ ఇంటి దగ్గరి నుంచే చదువుకునే బీకాం పెట్టిందని, దానికి ప్రభుత్వ గుర్తింపు కూడా ఉందని. పద్మతో చెప్తే ఆమె రెండు నిమిషాలు ఆలోచించి, "సేరు. మల్లీ సగంలో ఇడ్సిపెడితే మాత్రం నేనూరుకోను" అంది.

ఇక చదువు మగ్గం మీదే సాగింది. ఫోన్‌ను నూలుపోగులతో మగ్గం పైకర్రకు కట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, చేతులతో పేకనూలు మోసే నాడె ఆడిస్తూ కాళ్లతో చెక్కలు తొక్కుతూ పాఠాలు వినేవాడు. పోగు తెగి మగ్గం ఆగినప్పుడల్లా ఒళ్లో పుస్తకంలో రెండు ముక్కలు రాసుకునేవాడు. కొన్ని పాఠాలు కొరుకుడు పడక, పోగు తెగకపోయినా మగ్గం ఆపేవాడు. దారిన పోయేవాళ్లు కిటికీలోంచి చూసి, తిప్పేస్వామి పొద్దస్తమానం రీల్స్ చూస్తాండాడని చెప్పుకున్నారు. ఆయన దిద్దలేదు. చదువుతున్నానని చెప్పి ఫెయిలైతే ఆ నవ్వు తట్టుకోవడం ఇంకా కష్టమని ఆయన లెక్క.

అసలు చిక్కు మొదటి పరీక్ష రోజున తెలిసింది. ఇంట్లోనే రాయాలి. ల్యాప్‌టాప్ కెమెరా మనిషిని చూస్తూ ఉంటుంది, మైకు వింటూ ఉంటుంది. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు, ఇంకే శబ్దమూ రాకూడదు. తిప్పేస్వామి అన్నీ పకడ్బందీగా చేసుకున్నాడు. పద్మనూ పిల్లనూ గోనెగండ్ల దగ్గర పుట్టింటికి పంపాడు, నాయనను అరుగు మీద కూర్చోబెట్టాడు, తలుపు గడియ పెట్టుకున్నాడు. అటు పక్కింటి హుసేనమ్మ మగ్గం, ఇటు పక్కింటి ఉరుకుందు మగ్గం, వీధి పొడుగునా పద్నాలుగు మగ్గాలు టకటకమంటున్నాయి. తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచీ వింటున్నది కాబట్టి అదొక శబ్దమని ఆయనకు తోచనే లేదు. కంప్యూటరుకు తోచింది. మూడుసార్లు హెచ్చరించి, నలభై నిమిషాలకు పరీక్ష మూసేసింది.

ఆ రోజు తిప్పేస్వామి ఏడ్చాడు. ముప్పై దాటిన మనిషి ఏడవడం చూసి శివయ్య అరుగు మీదే ఉండిపోయాడు. మిగిలిన పరీక్షలకు దారి వెతికారు. నెట్ సెంటర్‌కు పోతే పక్కన వేరే మనుషులుంటారు. అత్తవారి ఊరికి పోతే సిగ్నల్ నిలవదు. చివరికి శివయ్య కర్ర పట్టుకుని ఇంటింటికీ బయలుదేరాడు. రెండు రోజులకొకసారి, పొద్దున పది నుంచి పన్నెండు దాకా, మగ్గాలు ఆపండమ్మా అని అడిగాడు. అప్పుడు గాని వీధికి తెలియలేదు, వాడు రీల్స్ చూడటం లేదని.

పక్కింటి హుసేనమ్మ మొగుడు పోయిన మనిషి. ఆమె ఒక్క మగ్గం మీదే ఆమె, కూతురు లావణ్య బతుకుతున్నారు. మాట కటువు. "రెండు గంటలు ఆపల్లంటే ఎట్లప్పా శివయ్యా, ఈ పొద్దేమన్నా అమావాస్యనా?" అని అడిగింది.

"మావానికి అమావాస్యేనమ్మా," అన్నాడు శివయ్య.

మర్నాడు పదికి అందరికంటే ముందు ఆగిన మగ్గం హుసేనమ్మదే. అప్పటి నుంచి వీధికి అదొక మాటైపోయింది. "తిప్పేసామి అమావాస్య యెప్పుడంట?" అని అడిగి, ఆ తేదీలను బట్టి పనులు సర్దుకునేవారు. ఆ రెండు గంటలూ పెద్దగా మాట్లాడటానికి కూడా జంకి సైగలు చేసుకునేవారు. ఒకసారి వీధిలోకి ఉల్లిపాయల బండి మైకు పెట్టుకుని వస్తే హుసేనమ్మ చీపురు పట్టుకుని ఎదురెళ్లింది. ఆరు సెమిస్టర్లు, మొదట మూసేసినదాన్ని మళ్లీ రాసిందీ కలిపి ముప్పై ఒక్క పరీక్షలు. మూడో ఏడు జూన్‌లో చివరిది రాశాడు, ఆగస్టులో పాసయ్యాడు, సెప్టెంబరులో డిగ్రీ కాగితం పోస్టులో వచ్చింది.

ఇక ఉద్యోగం. ఇక్కడే తిప్పేస్వామికి లోకం తీరు తెలిసింది. ఎమ్మిగనూరులో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసుకు వెళ్తే, మేనేజరు కాగితం చూసి ఒకే ఒక్క మాట అడిగాడు. "రెగ్యులరా?" కాదు సార్, ఆన్‌లైన్ అన్నాడు. మేనేజరు కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, కబురు చేస్తామన్నాడు. ఆదోనిలో ఒక ఫైనాన్స్ ఆఫీసులో ఆ మాట కూడా అడగలేదు, ఆన్‌లైన్ వాళ్లను తీసుకోమని బయటి బల్ల దగ్గరే చెప్పేశారు. రెండూ సమానమేనని ప్రభుత్వం చెప్పిందని తిప్పేస్వామి నచ్చజెప్పబోయాడు. "ప్రభుత్వం దగ్గరికే పో అన్నా మరి," అంది బల్ల దగ్గరి పిల్ల. ఆ పిల్లను అని లాభం లేదు. పైవాళ్లు చెప్పమన్నది చెప్పింది.

మూడోది ఆదోని జిన్నింగ్ మిల్లు, పత్తిలో గింజ తీసి బేళ్లు కట్టే చోటు. దసరా దాటితే మార్కెట్ యార్డుకు పత్తి వస్తుంది, మిల్లుకు మనుషులు కావాలి. బేళ్ల నంబర్లు, తూకాలు, ఏ లాటు ఏ లారీకి ఎక్కిందో కంప్యూటర్లో ఎక్కించే పని. డిగ్రీ తప్పనిసరి అన్నారు. బేలు మీద నంబరు చూడటానికి డిగ్రీ ఎందుకని మాత్రం ఎవరూ అడగకూడదు. ఆ వారమే గిడ్డయ్య, మగ్గాల మీదున్నవి అయిపోతే సంక్రాంతి దాకా కొత్త పడుగులు లేవని చెప్పి పంపాడు. అంటే ఈ మిల్లు పని దొరక్కపోతే తిప్పేస్వామి చేతికి మూడు నెలలు ఏ పనీ లేదు. డిగ్రీ ఉన్నా లేకపోయినా ఒకటే అయితే, మూడేళ్లు వీధినంతా ఎందుకు ఇబ్బంది పెట్టినట్టు? ఆ ప్రశ్న ఆయనను నిద్రపోనివ్వలేదు.

పండగ తరువాత మూడో రోజున పొద్దున్నే బస్సెక్కి, పదికి మిల్లులో ఉన్నాడు. మేనేజరు ప్రదీప్ పాతికేళ్లవాడు, ఇంజనీరింగ్ చదివాడు. పక్కన కుర్చీలో మిల్లు యజమాని ఉచ్చీరప్ప సావుకారి, అరవై దాటిన మనిషి, చొక్కాకు దూది అంటుకుని ఉంది. ప్రదీప్ కాగితం తీసుకుని, మూలనున్న నల్లచుక్కల గడికి ఫోన్ చూపించాడు. యూనివర్సిటీ ఇచ్చిన కాగితం అవునో కాదో ఆ గడిని స్కాన్ చేస్తే తెలిసిపోతుంది. ఒకసారి చూపించాడు, రెండోసారి చూపించాడు.

"స్కాన్ కావడం లేదు సార్," అన్నాడు సావుకారితో. ఆ గొంతులో దొంగ దొరికాడన్న తృప్తి ఉంది.

తిప్పేస్వామి వంగి చూశాడు. సరిగ్గా ఆ గడి మీద, రూపాయి బిళ్లంత, ఎర్రగా కుంకుమ బొట్టు ఉంది.

దసరానాడు నేతగాళ్లు మగ్గానికి పూజ చేస్తారు. నాడె, అచ్చు, కత్తెర, రాట్నం అన్నీ కడిగి, పసుపు రాసి, బొట్టు పెడతారు. ఈసారి శివయ్య వాటి పక్కన కొడుకు డిగ్రీ కాగితం కూడా పెట్టాడు. ఇంట్లో అన్నం పెట్టే వస్తువు ఏదైనా ఆ రోజు పూజలో ఉండాలి కదా. అక్షరాల మీద పడితే చెడిపోతుందని ముసలాయన జాగ్రత్తగా వెతికి, పనికిరాని గీతల్లాగా కనబడిన ఆ మూలన తడి కుంకుమ అద్దాడు. తిప్పేస్వామి చూసి కూడా దాన్ని అలాగే ఉంచాడు. నాయన పెట్టిన బొట్టు తుడవడం ఆ ఇంట్లో లేదు.

సిగ్గుపడుతూ అదంతా చెప్పాడు. ప్రదీప్ నవ్వాడు. సావుకారి నవ్వలేదు.

"మగ్గమోళ్లా మీరు? ఎమ్మిగనూర్లో ఏ వీధి?"

తిప్పేస్వామి వీధి పేరు చెప్పి, తన ఫోన్‌లో ప్రభుత్వ డిజిలాకర్ తెరిచి అక్కడున్న డిగ్రీ చూపించాడు. ప్రదీప్ నంబర్లు సరిచూసి, కాగితం అసలుదేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని ఊరుకోలేదు. "కాగితం అసలుదే సార్. సదువు అసలుదో కాదో యెట్ల తెలుస్తాది? ఆన్‌లైన్ అంటే కెమెరా కింద పుస్తకం పెట్టుకోని రాసేయొచ్చు. కరోనా టైంలో మేమందరం అట్లనే కదా రాసింది."

సావుకారి మెల్లగా ప్రదీప్ వైపు తిరిగాడు.

"మరి నీది రెగ్యులర్ అని ఉండాదే కాగితంలో?"

"అదీ... కాలేజీ రెగ్యులరే సార్. ఒక సంవత్సరమే..." అని ప్రదీప్ ఫోన్‌లోకి చూస్తూ ఉండిపోయాడు.

తిప్పేస్వామికి ఆ కుర్రవాడి మీద కోపం రాలేదు. తాను చేసింది లోకమంతా చేస్తుందనుకోవడం మనిషికి సహజమే. సావుకారి మాత్రం ఆలోచనలో పడ్డాడు. యార్డులో ఆయన బండి పైన కనబడే పత్తిని చూసి ధర చెప్పే మనిషి కాదు, మోచేతి దాకా చేయి లోపలికి దూర్చి, అడుగున ఉన్నది పిడికెడు లాగి చూస్తాడు. ఇక్కడ చేయి ఎక్కడ దూర్చాలో ఆయనకు తెలియలేదు. ఏం చదివావో చెప్పమన్నాడు. తిప్పేస్వామి సరుకు నిల్వల గురించి చదివిన పాఠం ఒకటి, తడబడుతూనే, మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు.

"నువ్వు సెప్పింది రైటో రాంగో నాకు తెల్దప్పా," అన్నాడు సావుకారి. "నీ గురించి తెల్సినోళ్లు ఎవరన్నా ఉండారా? మీ వీధికి గిడ్డయ్య కదూ పడుగులిచ్చేది? మా ఇంట్ల పెండ్లిళ్లకు చీరలన్నీ ఆయప్ప దగ్గరే."

తిప్పేస్వామి వద్దనలేకపోయాడు. గిడ్డయ్యకు తన మీద మంచి అభిప్రాయం ఉండే అవకాశం లేదని ఆయనకు తెలుసు. సావుకారి అప్పటికే ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, బల్ల మీద ఉంచాడు.

"తిప్పేసామి అని మీ తట్టోడు, ఎట్లాటోడు గిడ్డయ్యా?"

"వాడా?" అంది ఫోన్. "వాని పరీచ్చలు నా పానం తీసినాయి సావుకారీ. వాడు కంప్యూటర్ ముందర కూసుంటే సాలు, వీధి వీధంతా మగ్గాలు ఆపేస్తారు. చప్పుడు కాకూడదంట. సూదిపడితే ఇనబడేటట్ల కూసుంటారు పద్నాలుగిండ్లోళ్లు. మూడేండ్లు ఇదే తంతు. నేను పోయి అరిస్తే ఆ హుసేనమ్మ నా మీదికే వచ్చె. నీ చిన్నకూతురు పెండ్లికి చుట్టాలకు పెట్టే చీరలు నాలుగు రోజులు లేటాయ కదా జూన్లో, దేనికనుకున్నావు?"

"నూలు రాలేదని సెప్తివి కదప్పా నువ్వు."

"అంటే... నూలు కూడా లేటే," అంది ఫోన్.

సావుకారి ఫోన్ పెట్టేశాడు. ఆ జూన్ నెల తిప్పేస్వామికి బాగా గుర్తుంది. చివరి సెమిస్టరు, ఆరు పరీక్షలు. ఎవరింటి పెళ్లి చీరలు ఆగాయో అప్పుడు ఆయనకు తెలియదు. ఎవరి కూతురి పెళ్లికి అడ్డం పడ్డాడో ఆ మనిషి ముందే ఇప్పుడు ఉద్యోగం కోసం నిలబడి ఉన్నాడు. ఇక వెళ్లిపోవడమే మిగిలిందనుకుని కాగితం కోసం చేయి చాపాడు.

"ఉండప్పా," అన్నాడు సావుకారి. "నువ్వు పుస్తకం సూసి రాసేటోనివైతే అంతమంది మగ్గాలు ఆపుకోని కూసోరు. ఒకపారి మొహమాటానికి ఆపుతారు, మూడేండ్లు ఆపరు." తన మాట తనకే నచ్చినట్టు తలాడించి, మళ్లీ అడిగాడు. "వాళ్లకేమన్నా ఇచ్చినావా?"

"లేదు సార్. వాళ్లు అడగలే."

"నువ్వూ అడగలే."

"అడగలే సార్."

సావుకారి ప్రదీప్ వైపు తిరిగి, సోమవారం నుంచి రమ్మని రాసుకోమన్నాడు, మూడు నెలలు చూసి పర్మనెంటు చేస్తామన్నాడు. ఫైల్లో పెట్టడానికి బొట్టు లేని కాగితం ఇంకొకటి తెచ్చుకోమన్నాడు. తిప్పేస్వామి దండం పెట్టి బయటికి వచ్చి, యార్డు గేటు దగ్గర టీ తాగుతూ పద్మకు ఫోన్ చేసి చెప్పాడు. ఆమె వీధికి చెప్పింది.

మధ్యాహ్నం ఇంటికి చేరేసరికి మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. ఎవరూ పని ఆపి ఎదురు రాలేదు. హుసేనమ్మ మాత్రం కిటికీలోంచి, "ఏమప్పా, ఇంగ మాకు అమావాస్యలు లేనట్టేనా?" అని అడిగింది. గిడ్డయ్య అన్న మాటలు చెప్తే పడీపడీ నవ్వింది. ఆ నవ్వు తగ్గాక తిప్పేస్వామి, మూడేళ్లుగా అడగాల్సింది అప్పుడు అడిగాడు.

"అక్కా, మీకందరికీ నేనేమియ్యల్ల?"

"ఇచ్చేదేముంది," అందామె. మళ్లీ నాడె అందుకుని, కాసేపటికి తల ఎత్తకుండానే అంది. "మా లావణ్య అడుగుతాండాది, ఆ సదువు సదివితే పని దొరుకుతాదా అని. ఇంటరై రెండేండ్లాయ. నాకేం తెలుస్తాది, నువ్వే సెప్పు."

లావణ్య తల్లి వెనక నిలబడి ఉంది. తిప్పేస్వామి వెంటనే అవునని చెప్పలేకపోయాడు. విత్తనాల మేనేజరు బోర్లా పెట్టిన కాగితం గుర్తొచ్చింది, ఫైనాన్స్ ఆఫీసు బల్ల గుర్తొచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "కాగితం సూసి ఇచ్చేటోళ్లు తక్కువమ్మా. రెగ్యులరా అని అడిగి పక్కన పెడతారు. నువ్వే సదివినావని సెప్పేటోడు ఒకడుండల్ల. నీకు నేనుంటా. సేరు."

జనవరిలో మిల్లు తిప్పేస్వామిని పర్మనెంటు చేసింది. ఆ నెలలోనే లావణ్య బీకాంలో చేరింది. ల్యాప్‌టాప్ తిప్పేస్వామిదే. ఆయన మగ్గం మీద ఇప్పుడు పద్మ కూర్చుంటోంది, గిడ్డయ్య గొణుగుతూనే పడుగులిస్తున్నాడు.

జూన్‌లో ఒక బుధవారం, లావణ్య మొదటి పరీక్షనాడు, పదికి పది నిమిషాలుండగా, తిప్పేస్వామి గోడౌనులో మిగిలిన బేళ్ల నంబర్లు చూస్తున్నాడు. కలం జేబులో పెట్టి పద్మకు ఫోన్ చేశాడు. అవతల మగ్గం చప్పుడు. దాని వెనక ఇంకొకటి, దాని వెనక వీధంతా. ఎనిమిది నెలలుగా పగలంతా దూరంగా ఉన్న చెవికి, మొట్టమొదటిసారి, అది నిజంగానే పెద్ద చప్పుడుగా వినిపించింది.

"ఇంగా ఆపలేదా?" అన్నాడు.

"ఇంగా టైముంది కదయ్యా. ఈ వరస అయిపోనీ," అంది పద్మ.

ఆయన ఫోన్ పెట్టలేదు. ప్రదీప్ లోపలికి వచ్చి, ఏమైందన్నా అన్నట్టు చూస్తే, చేత్తో సైగ చేసి ఆగమన్నాడు. ముందు హుసేనమ్మ మగ్గం ఆగింది. ఆ తరువాత ఉరుకుందుది. ఒక్కొక్కటే ఆగుతూ వచ్చి, చివరికి పద్మ మగ్గం కూడా ఆగిపోయింది. ఫోన్‌లో ఇక ఏమీ వినబడలేదు. తిప్పేస్వామి ఫోన్ జేబులో పెట్టుకుని, కలం తీసి, తరువాతి బేలు నంబరు రాసుకున్నాడు.